ఎడ్ షీరన్ ఏడుపు మాకెందుకంటే



ఇది పెద్ద పోస్టు. స్కాలర్‌షిప్పుల గురించి కాదు, ఉద్యోగాల నోటిఫికేషన్ గురించి కాదు, జీవో నంబర్ 3 గురించి కూడా కాదు. ఒక ఇంగ్లీషు పాటల ఆల్బమ్ గురించి. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు, మేమేం అనుకోం. కానీ చివర్లో గ్రూపుతో మాకొక పని ఉంది. దానికోసమైనా కాస్త ఓపిక పట్టండి.

2023 మే 5 శుక్రవారం ఎడ్ షీరన్ ఆల్బమ్ ఒకటి వచ్చింది. పేరు సబ్‌ట్రాక్ట్, అంటే ఉత్త తీసివేత గుర్తు. ఇతని ఆల్బమ్‌లలో చాలావాటికి పేర్లు లెక్కల గుర్తులే. 2011లో ప్లస్, 2014లో మల్టిప్లై, 2017లో డివైడ్, 2021లో ఈక్వల్స్, ఇప్పుడిది. సెమిస్టర్ పరీక్షలు అవ్వలేదు కాబట్టి హాస్టల్ ఇంకా మూయలేదు. రూములో ఐదుగురం ఉన్నాం. ఒకడి ఫోన్ స్టీలు గ్లాసులో నిలబెట్టి (స్పీకర్ లేనివాళ్ళకి ఈ కిటుకు తెలిసే ఉంటది) రాత్రి భోజనాలయ్యాక మొదటి పాట నుంచి వరసగా విన్నాం.

మూడో పాట నడుస్తుండగా ఒక సీనియర్ అన్న గుమ్మం దగ్గర నిలబడి, "మన పాటలు పాడే ముసలోళ్ళు ఒక్కొక్కళ్ళే పోతన్నారు, మీరేమో తెల్లోడి ఏడుపు వినుకుంటూ కూచున్నార్రా" అన్నాడు. అన్న మంచోడు. మాకు సర్టిఫికెట్ల పని పడితే బస్సు ఛార్జీ సొంతంగా పెట్టుకుని మా వెంట తిరిగినోడు. అందుకే అప్పుడు ఎదురు మాట్లాడలేదు. ఆ మాట మాత్రం పది రోజులుగా మా మధ్య నలుగుతూనే ఉంది. ఇప్పుడు రాస్తున్నది దానికి జవాబు అనుకోండి.

ముందు ఈ మనిషి మాకెలా తెలిసాడో చెప్పాలి. 2017లో మేం ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. ఆ ఏడాది వార్షికోత్సవానికి షేప్ ఆఫ్ యూ పాటకి డాన్స్ కట్టారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానందుకే హెడ్మాస్టారు కూడా ఒప్పుకున్నారని ఇప్పుడనిపిస్తది. మాకు ఇంగ్లీషు మూడో భాష, మాలో ఒకడికి నాలుగోది: ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బళ్ళో తెలుగు, ఆ తర్వాత ఇది. కాలేజీకొచ్చాక పాటల మాటలు ముందు పెట్టుకుని డిక్షనరీతో చదవడం అలవాటైంది. క్లాసులో నేర్చుకున్న ఇంగ్లీషు కన్నా పర్ఫెక్ట్ పాటతో నేర్చుకున్నదే ఎక్కువ అంటే లెక్చరర్లు ఏమనుకుంటారో గానీ, నిజం అదే.

సరే, ఆల్బమ్. మొత్తం 14 పాటలు. నిజం చెప్పాలంటే మొదటి రాత్రి మాకు నచ్చలేదు. ఆరో పాటకి ఒకడు గోడకి తిరిగి పడుకున్నాడు. డాన్స్ కట్టే పాట ఒక్కటీ లేదు. స్టేజీ మీద ఒక్కడే గిటారు పట్టుకుని, కాలి కింద లూప్ పెడల్ తొక్కుతూ వందమంది వాయించినంత హోరు పుట్టించే ఎడ్ షీరన్ ఇందులో కనపడడు. గిటారు, పియానో, వెనకాల వయొలిన్ల లాంటివి పొగమంచులా కమ్ముకుని ఉంటాయి, మధ్యలో గొంతు. సంగీతం చేసింది ఆరన్ డెస్నర్, ద నేషనల్ అనే అమెరికన్ బ్యాండ్‌లో మనిషి. 2020లో టేలర్ స్విఫ్ట్ ఫోక్‌లోర్, ఎవర్‌మోర్ ఆల్బమ్‌లకీ ఇతను పనిచేశాడు. అవి విన్నవాళ్ళకి ఈ చప్పుడు ఎలాంటిదో తెలుస్తది.

అభిమానుల్లో కూడా మొదటి రోజే రెండు జట్లయ్యాయి. ఒక జట్టు "ఏడ్చాం, ఇంతకాలానికి లోపలి మనిషి కనపడ్డాడు" అంటది. ఇంకో జట్టు "అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయి, ఒక్క హిట్టూ లేదు, ఎప్పుడూ ఈ దిగులేంటి" అంటది. మా రూములోనూ అంతే, మూడూ రెండూ. మొదట మేం ఎక్కువమంది రెండో జట్టే.

తర్వాత ఈ పాటల వెనక ఏం జరిగిందో చదివాం. 2022 ఫిబ్రవరి. భార్య కడుపుతో ఉంది. ఆమెకి ట్యూమర్ ఉందని తేలింది, కాన్పు అయ్యేదాకా వైద్యం మొదలుపెట్టే వీల్లేదన్నారు. అదే నెల 20న ప్రాణస్నేహితుడు జమాల్ ఎడ్వర్డ్స్ ఉన్నట్టుండి చనిపోయాడు, 31 ఏళ్ళకే. ఆ వెంటనే మార్చిలో షేప్ ఆఫ్ యూ పాట కాపీ కొట్టావని లండన్ కోర్టులో నిలబెట్టారు. మా వార్షికోత్సవం పాటే! ఆ కేసు ఏప్రిల్లో గెలిచాడనుకోండి. పదేళ్ళుగా ఈ ఆల్బమ్ కోసం పోగేసుకున్న పాటల్ని పక్కన పెట్టేసి, ఆ రోజుల్లో లోపల ఉన్నదాన్నే రాశానని అతనే చెప్పాడు.

ఇక్కడ మాకొచ్చిన మొదటి అభిప్రాయం మారడం మొదలైంది. "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనేది నిజమే. అది తప్పెలా అవుతది అనేదే మా ప్రశ్న.

మన ఊళ్ళల్లో మనిషి పోతే ఆడవాళ్ళు శోకం పెట్టడం అందరం చూసినవాళ్ళమే. రాగం ఒకటే. పొద్దున్న మొదలుపెట్టిన రాగమే పొద్దుగూకేదాకా. అమ్మ అలిసిపోతే అత్త అందుకుంటది, అత్త ఆగితే పక్కింటామె. "రాగం మార్చమ్మా, విసుగ్గా ఉంది" అని ఎవరైనా అంటారా? మాటలు మాత్రం మారతాయి. వాడు చిన్నప్పుడు ఏ చెట్టు మీంచి పడ్డాడు, సంతలో ఏం కొనిపెడతానన్నాడు, ఏ అన్నం తినకుండా పోయాడు. వినేవాళ్ళు ఆ మాటల కోసం వింటారు. దుఃఖంలో ఉన్న మనిషిని పట్టుకుని వెరైటీ అడిగితే ఎలా? పెళ్ళి భోజనంలా రకరకాలుగా వడ్డించాలంటే ఎలా?

కాబట్టి రెండో రాత్రి మాటల కోసం విన్నాం. అప్పుడు కొన్ని పాటలు వేరుగా వినపడ్డాయి. సికమోర్ అనే పాట ఆసుపత్రిలో భార్య రిపోర్టు కోసం ఎదురుచూడటం గురించి. అంత డబ్బున్న మనిషికీ ఆ గంట అలాగే గడుస్తదా అని మాకు మొదటిసారి అనిపించింది. (అతని ఎదురుచూపుకి కుర్చీ ఉంది, మనవాళ్ళకి ఆసుపత్రి వరండా ఉంది. ఆ తేడా మర్చిపోం.) కర్టెన్స్ కొంచెం గట్టిగా కొట్టిన పాట, చీకటి గదిలోంచి లాగమని అడిగే పాట. హాస్టల్లో మూడు రోజులు దుప్పటి తియ్యకుండా పడుకున్నవాణ్ణి మనందరం చూశాం. వాణ్ణి "బద్ధకం" అన్నాం. ఆ పాట విన్నాక మాలో ఒకడు అలాంటి తన మూడు రోజుల గురించి చెప్పాడు. రెండేళ్ళు ఒకే గదిలో ఉండి అప్పటిదాకా మాకు తెలీదు.

ఐస్ క్లోజ్డ్ వీడియోలో ఒక పెద్ద నీలం రంగు బొచ్చు జంతువు అతని వెనకే తిరుగుతూ ఉంటది, ఎక్కడికెళ్తే అక్కడికి. మేం మొదట పిల్లల సినిమాలో బొమ్మ అనుకుని నవ్వాం. ఇంగ్లీషులో నీలం అంటే దిగులు అని తర్వాత తెలిసింది. మనకి నీలం అంటే ఆకాశం, కృష్ణుడు, స్కూలు యూనిఫాం. అన్నట్టు ఈ పాట మొదట ప్రేమలో విడిపోవడం గురించి రాసిందట. జమాల్ పోయాక దాన్నే మార్చి రాశాడు. ఆ సంగతి తెలిసి వింటే అతుకు కొంచెం కనిపిస్తది. మాకు లైఫ్ గోస్ ఆన్ దానికంటే సూటిగా అనిపించింది.

మాకు నచ్చనివి కూడా చెప్పాలి, లేకపోతే అభిమానుల భజన అంటారు. నీళ్ళు మరీ ఎక్కువయ్యాయి. మొదటి పాట పడవ, రెండో పాట ఉప్పునీళ్ళు. మునగడం, అలలు, ఒడ్డు. విశాఖలో రెండేళ్ళుగా ఉంటున్నా మాకు సముద్రం అంటే ఇంకా ఆదివారం చూసొచ్చేదే, అందుకేనేమో అని ఆగి ఆలోచించాం. అయినా అదే అనిపించింది. దుఃఖం గురించి ఎవరైనా వాడగలిగిన మాటలు కొన్ని, ఇతనొక్కడే చెప్పగలిగిన మాటలు కొన్ని. ఈ ఆల్బమ్‌లో మొదటి రకం ఎక్కువ. పొద్దున్నే కూతురితో కలిసి రికార్డు పెట్టుకుని వినే డస్టీ లాంటి పాటలో ఒక ఇల్లు కనపడతది, ఒక పిల్ల కనపడతది. అలాంటివి ఇంకో నాలుగుంటే బాగుండేది. కలర్‌బ్లైండ్, స్పార్క్ రెండూ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాయో గుర్తు లేదు. చివరి పాట ద హిల్స్ ఆఫ్ ఆబర్‌ఫెల్డీ స్కాట్లండ్ కొండల మీద కట్టిన జానపద బాణీ. కొండల పాట కాబట్టి మేం ముందే ఓటేశాం, అది పక్షపాతమే.

శోకం పెట్టే మా అమ్మలు పోయినవాడి పేరు పెట్టి పిలుస్తారు. ఈ 14 పాటల్లో ఎక్కడా జమాల్ అనే పేరు మా చెవికి తగల్లేదు. అదే మాకు పెద్ద లోటనిపించింది. వెతుకుతూ పోతే ఆల్బమ్ బయట ఇంకో పాట దొరికింది. ఎఫ్64 అని, 2023 జనవరిలో జమాల్ పెట్టిన ఎస్‌బీటీవీ ఛానల్లోనే వచ్చింది. పాట అనేకన్నా ర్యాప్. పోయిన స్నేహితుడితో ఎదురుగా కూచుని మాట్లాడినట్టే ఉంటది. మాలో సవర పిల్లోడు సీతంపేట వైపు వాడు. అది విని, "మా అవ్వ చెప్పేది ఇలాగే ఉంటది" అన్నాడు. పాతరోజుల్లో వాళ్ళ ఊళ్ళల్లో పూనకం వచ్చే పెద్దామె నోట చచ్చిపోయినవాళ్ళు మాట్లాడేవారట. ఇంట్లోవాళ్ళు వాళ్ళతో పోట్లాడేవారట, ఏడ్చేవారట, ఎందుకెళ్ళిపోయావని నిలదీసేవారట. ఒక్క రోజుతో అయిపోయేది కాదట, ఏళ్ళ తరబడి. ఎఫ్64లో ఆ తగువు ఉంది. ఆల్బమ్‌లో మాత్రం మర్యాద ఎక్కువైంది.

ఇప్పుడు అసలు సంగతి. రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆగాం.

మాతో ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటర్ దాకా చదివినవాడొకడు ఉండేవాడు. పెదబయలు వైపు, కొందు పిల్లోడు. పేరు రాయడం లేదు, వాళ్ళింట్లో అడగలేదు కాబట్టి. ఇంటర్ తర్వాత కాఫీ తోట పనికి ఊళ్ళోనే ఉండిపోయాడు. పోయిన డిసెంబరులో జ్వరం ముదిరి చనిపోయాడు. ఊరి నుంచి రోడ్డు దాకా డోలీ మోశారు. ఆ దారి ఎంతుంటదో ఈ గ్రూపులో చెప్పక్కర్లేదు. కబురొచ్చేసరికి మాకు మూడో సెమిస్టర్ పరీక్షలు జరుగుతున్నాయి, మర్నాడు పొద్దున్నే పేపరుంది. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. సబ్జెక్టు పోతే ఏమవుతుందో అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఏడాది పోతుందేమో, స్కాలర్‌షిప్ ఆగిపోతుందేమో అని భయపడ్డాం. వెళ్ళలేదు. పరీక్ష రాశాం. ఐదుగురం పాసయ్యాం కూడా. ఆ తర్వాత ఆ మాట మా రూములో ఎవరూ ఎత్తలేదు. సంక్రాంతికి ఊళ్ళకెళ్ళినప్పుడు కూడా వాళ్ళ అమ్మకి ఎదురుపడలేక చుట్టుతిరిగి వెళ్ళాం.

ఈ ఆల్బమ్ వచ్చే ముందు రోజు, మే 4న, న్యూయార్క్ కోర్టులో ఎడ్ షీరన్ ఇంకో కేసు గెలిచాడు. థింకింగ్ ఔట్ లౌడ్ పాటకి మార్విన్ గే పాట నుంచి కాపీ కొట్టాడని వేసిన కేసు. కోర్టులో గిటారు పట్టుకుని వాయించి చూపించాడు. గెలిచి బయటికొచ్చాక, ఈ విచారణ వల్లే ఐర్లండ్‌లో మా నాయనమ్మ అంత్యక్రియలకి వెళ్ళలేకపోయాను, ఆ రోజు మళ్ళీ రాదు అన్నాడు. ఆ వీడియో చూసి మా రూములో ఎవరూ మాట్లాడలేదు. లైటు తీసేసి పడుకున్నాం. ఎవరూ నిద్రపోలేదని అందరికీ తెలుసు.

సీనియర్ అన్నకి చెప్పాలనుకున్న జవాబులో సగం ఇది. తెల్లోడి ఏడుపు వినబట్టే మా ఏడుపు మాకు బయటికొచ్చింది. ఐదు నెలలు పట్టింది, అది కూడా పరాయి భాషలో. ఎందుకు పరాయి భాషలో అంటే, ఊళ్ళో అయితే శోకానికి ఒక చోటుంది, ఒక రోజుంది, చుట్టూ మనుషులుంటారు. హాస్టల్లో చావుకి ఏమీ లేదు. మర్నాడు పొద్దున్న ఉప్మా, తొమ్మిదింటికి క్లాసు.

మిగతా సగం జమాల్ గురించి. అభిమానులు ఎడ్ కన్నీళ్ళ గురించే రాస్తున్నారు, పోయిన మనిషి ఏం చేశాడో తక్కువమంది రాస్తున్నారు. మాకు ఈ మొత్తంలో దొరికిన పెద్ద విషయం అతనే. పశ్చిమ లండన్‌లో ఆక్టన్ అనే చోట పెరిగిన నల్లజాతి పిల్లోడు. క్రిస్మస్‌కి అమ్మ ఒక వీడియో కెమెరా కొనిచ్చింది. ఇంకా స్కూలు వయసే. తన చుట్టుపక్కల ర్యాప్ కట్టే కుర్రాళ్ళని, టీవీలవాళ్ళు గడప కూడా తొక్కనివ్వనివాళ్ళని, వీధుల్లో నిలబెట్టి తీశాడు. 2006లో ఎస్‌బీటీవీ పేరుతో యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఛానల్ నుంచి ఎందరో పైకొచ్చారు. అప్పటికింకా ఏ కంపెనీ తీసుకోని ఎడ్ షీరన్‌ని 2010లో తీసిందీ అతనే. అంటే ఇవాళ ఇంతమంది ఏడుస్తున్న ఈ గొంతుని ముందు గుర్తుపట్టింది కెమెరా పట్టుకున్న ఆ కుర్రాడు.

అన్న చెప్పింది నిజం, పాడేవాళ్ళు పోతున్నారు. మనకి పాడేవాళ్ళ కరువు ఎప్పుడూ లేదు, ఫోన్ పట్టుకుని వాళ్ళ ముందు కూచునేవాళ్ళే లేరు. పాట కట్టినవాడికి చప్పట్లు, తీసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. మన గ్రూపులో ధింసా వీడియోలు ఎన్నో వస్తుంటాయి. ఎవరు తీశారు, ఏ ఊరు, పాడుతున్న ఆమె పేరేంటి అని ఒక్కదాని కిందైనా ఉంటదా?

మావాడు ఆ పని చేసేవాడు. ఏడువేల రూపాయల ఫోన్‌తో. పండగలకి మేం ధింసాలో చేతులు కలిపి ఆడుతుంటే వాడు బయట నిలబడి తీసేవాడు. "నువ్వూ రారా" అంటే "మరి తీసేదెవడు" అనేవాడు. వాడు తీసిన వీడియోల్లో మేమందరం ఉన్నాం, వాడు లేడు. ముసలమ్మల దగ్గర కూచుని కువి పాటలు పాడించుకుని ఒక ఛానల్లో పెట్టేవాడు. మేం ఎగతాళి చేసేవాళ్ళం, వందమంది కూడా చూడని ఛానల్ అని. జమాల్ గురించి చదివిన రాత్రి, డిసెంబరు తర్వాత మొదటిసారి ఆ ఛానల్ తెరిచాం. 11 వీడియోలు ఉన్నాయి. వాటిలో రెండు పాటలు పాడిన అవ్వ కూడా ఇప్పుడు లేదు. మాలో కువి వచ్చినవాడు ఒక్కో మాటా చెప్తుంటే తెలుగులో రాసుకున్నాం. కొన్ని మాటలు వాడికీ తెలీలేదు, ఊరెళ్ళి వాళ్ళమ్మని అడగాలన్నాడు. ఈసారి చుట్టుతిరిగి వెళ్ళకుండా మావాడి అమ్మ దగ్గరికి కూడా వెళ్తాం అనుకున్నాం.

ఇక గ్రూపుతో మా పని. 2021 ఇటుకల పండగకి వాడు రెండు రాత్రులు తీశాడు, 2022లో కొర్రకొత్త పండగకి కూడా తీశాడు. అవేవీ ఛానల్లో పెట్టలేదు. ఫోన్ ఇప్పుడు వాళ్ళ చెల్లి దగ్గరుంది, మెమరీ కార్డు అందులో లేదు. అయితే వాడు తీసినవి బ్లూటూత్‌లో, వాట్సాప్‌లో అందరికీ పంచేవాడు. పెదబయలు, ముంచంగిపుట్టు వైపు వాళ్ళ ఫోన్లలో ఎక్కడో ఉండే ఉంటాయి. దయచేసి పాత ఫోన్లు, పాత కార్డులు ఒకసారి చూడండి. క్లారిటీ లేకపోయినా పర్లేదు, సగం తెగిపోయినవైనా పర్లేదు, ఇక్కడే పెట్టండి.

వాడు తీసినదో కాదో ఎలా తెలుస్తదంటే, పాట అయిపోగానే కెమెరా వెనకనుంచి ఒక గొంతు కువిలో "అవ్వా, ఇంకోసారి" అంటది. అది వాడిదే.